పేరంటాలమ్మ ఎలా చనిపోయింది?

(తెనాలిలో ఒక గ్రంథాలయం హాలులో జరిగిన సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్న అమ్మాయిలూ, వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

ఆహ్వానపత్రంలో నా పేరు పక్కన "స్త్రీల మీద హింస, మతం, మౌనం" అని వేశారు. మూడూ పెద్ద మాటలే. అంత పెద్ద మాటలతో మొదలుపెట్టడం నాకు చేతకాదు. మా ఇంటి అటక మీదున్న ఒక వెదురు పెట్టెతో మొదలుపెడతాను.

మా నాన్నగారిది కృష్ణా కాలవల కింద ఒక పల్లెటూరు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునే రోజున ఆ పెట్టె కిందికి దించేవాళ్ళు. అందులో ఒక చీర, రవికల గుడ్డ, పసుపు కొమ్ములు, కుంకుమ భరిణె ఉండేవి. పాత చీర తీసి ఇంటి ఆడపడుచుకి ఇచ్చేవాళ్ళు. కొత్త చీరకి అంచున పసుపు రాసి మళ్ళీ పెట్టెలో పెట్టేవాళ్ళు. పొంగలి, చలిమిడి, వడపప్పు నైవేద్యం. అందరం వరసగా దణ్ణం పెట్టుకునేవాళ్ళం. ఆమె మా ఇంటి పేరంటాలు.

నాకు పదేళ్ళప్పుడు అనుకుంటాను, నాయనమ్మని అడిగాను, "పేరంటాలమ్మ ఎలా చనిపోయింది?" అని. "నూతిలో పడి పేరంటాలైందమ్మా" అంది. "ఎందుకు పడింది?" అన్నాను. అంతే, నాయనమ్మ మొహం మారిపోయింది. "అలా అడిగితే కళ్ళు పోతాయి, లెంపలేసుకో" అంది. వేసుకున్నాను. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు మళ్ళీ అడగలేదు.

ఈ సభలో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్ళే ఎక్కువమంది ఉన్నారు. పేరంటాలంటే ఎవరో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. మన ఊళ్ళ పొలిమేరల్లో, చెరువు గట్ల మీద, చేల మధ్యన చిన్న చిన్న పేరంటాలమ్మ గుళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మొగుడితోపాటు చితి ఎక్కిన ఆవిడ పేరంటాలు. ముత్తైదువగా పోయిన ఆవిడ పేరంటాలు. నూతిలో పడ్డ ఆవిడ, చెరువులో తేలిన ఆవిడ కూడా పేరంటాళ్ళయ్యారు. మంచి చావో చెడ్డ చావో, అకాలంగా పోయిన ఆడదాన్ని ఊరికే వదిలేస్తే ఇంటికి అరిష్టమని మన పెద్దలు భయపడ్డారు. భయంతోపాటు కొంత ప్రేమ కూడా ఉండే ఉంటుంది. చీర పెట్టారు, దీపం పెట్టారు. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. మా ఇంట్లో ఇప్పటికీ ఆ దీపం పెడుతున్నాం.

నా బాధ ఒక్కటే. ఆమె దేవత కావడంతోనే ఆమె చావు గురించిన ప్రశ్న అపచారమైపోయింది. నిన్నటిదాకా ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరైనా అడగొచ్చు. ఇవాళ అడిగితే కళ్ళు పోతాయి. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో చెప్పడానికి రాజస్థాన్‌లో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా ఇంట్లో జరిగిన దానికి కాగితాలు లేవు. అక్కడ జరిగిన దానికి ఉన్నాయి.

రాజస్థాన్‌లో సీకర్ జిల్లా, దేవరాలా అని ఒక ఊరు. 1987 సెప్టెంబరు 4. ఆ రోజు రూప్ కన్వర్ అనే అమ్మాయి తన భర్త చితి మీద కాలిపోయింది. ఆమెకు 18 ఏళ్ళు, భర్తకు 24. పెళ్ళి ఆ ఏడాది జనవరిలోనే అయింది. జైపూర్‌లో పెరిగిన పిల్ల. తండ్రిది లారీల వ్యాపారం. భర్త జబ్బు చేసి సీకర్ ఆసుపత్రిలో చనిపోయాడు. శవాన్ని ఊరికి తెచ్చారు. అదే రోజు మధ్యాహ్నానికి ఆమె కూడా లేదు. పుట్టింటివాళ్ళకు ముందుగా కబురు లేదు. అంతా అయిపోయాకే తెలిసింది.

ఇది పట్టపగలు, వందల మంది చూస్తుండగా జరిగింది. ఇంటి తలుపులు మూసుకుని జరిగిన పని కాదు. కానీ ఆ తరవాత ఊళ్ళోకి వెళ్ళిన పోలీసులకూ విలేకరులకూ దొరికిన సమాధానం ఇంచుమించు ఒకటే. "ఆమెకు సత్ వచ్చింది. తనంతట తానే కూర్చుంది. ఆమె ఇప్పుడు సతీమాత." సత్ అంటే ఒంట్లో పుట్టే దైవశక్తి అని అక్కడి నమ్మకం. ఆ ఒక్క మాటతో అక్కడున్న సాక్షులందరూ భక్తులైపోయారు. భక్తుణ్ణి సాక్ష్యం అడగడం చాలా కష్టం. మీరు అడిగేది హత్య గురించి, ఆయన చెప్పేది మహిమ గురించి.

బొంబాయి జర్నలిస్టుల సంఘంలోని స్త్రీల కమిటీ తరఫున కొందరు మహిళా విలేకరులు అక్కడికి వెళ్ళి వచ్చి ఆ ఏడాది చివర్లో ఒక నివేదిక వేశారు. పేరు చెప్పవద్దన్న షరతు మీద వాళ్ళతో మాట్లాడినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చెప్పిన మాటలు వేరుగా ఉన్నాయి. ఆ పిల్ల భయపడి దాక్కుందని చెప్పారు. వెతికి పట్టుకొచ్చారని చెప్పారు. చితి దగ్గరికి నడిపిస్తుంటే తూలిందని, చుట్టూ కాపలాగా మనుషులున్నారని, మంట అంటుకున్నాక లేవబోయిందని చెప్పారు. ఇవి పేరు లేని మనుషులు, గొంతు తగ్గించి, తలుపు చాటున చెప్పిన మాటలు. కోర్టులో ఇలాంటివి నిలబడవు. నిలబడలేదు కూడా.

ఇక్కడ ఒక విషయం మీరు గుర్తు పెట్టుకోవాలి, ముఖ్యంగా లా చదివే పిల్లలు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా పోలీసులు శవానికి పోస్టుమార్టం చేయించాలని 1983లోనే మన క్రిమినల్ చట్టాన్ని సవరించారు. అత్తింటి హింసకు శిక్ష వేసే 498ఎ సెక్షన్ వచ్చింది కూడా ఆ సవరణలోనే. వరకట్నం చావుల గురించి దేశమంతా స్త్రీలు రోడ్డెక్కితే వచ్చిన సవరణ అది. రూప్ కన్వర్‌కు పెళ్ళయి ఎనిమిది నెలలు. అదే పిల్ల అదే ఇంట్లో వంటగదిలో కిరోసిన్ మంటల్లో చనిపోయి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి. పోలీసులొచ్చేవాళ్ళు. తాసీల్దారు వచ్చి పంచనామా రాసేవాడు. పుట్టింటివాళ్ళు వచ్చి గుండెలు బాదుకునేవాళ్ళు. ఊళ్ళో కనీసం నలుగురు "పాపం, ఏం జరిగిందో" అనుకునేవాళ్ళు. చితి మీద కాలింది కాబట్టి కొబ్బరికాయలు కొట్టారు. కన్నవాళ్ళు కూడా తరవాత తమ కూతురు సతి అయిందని ఒప్పుకున్నారు. వాళ్ళని నేను తప్పుబట్టలేను. బిడ్డ ఎలాగూ తిరిగి రాదు. హత్యకు గురైన బిడ్డకు తల్లినని బతకడం కంటే దేవతను కన్న తల్లినని బతకడం కొంచెం తేలికేమో.

పదమూడో రోజు చునరీ ఉత్సవం పెట్టారు. చితి మీద ఎర్రని మేలిముసుగు కప్పే తంతు అది. జరపడానికి వీల్లేదని రాజస్థాన్ హైకోర్టు ముందు రోజే ఉత్తర్వు ఇచ్చింది. అయినా సెప్టెంబరు 16న లక్షల్లో జనం వచ్చారు. పోలీసులు దూరంగా నిలబడ్డారు. అంగళ్ళు వెలిశాయి. అక్కడ అమ్మిన ఫొటో ఒకటి చాలామంది చూసే ఉంటారు. రూప్ కన్వర్ పెళ్ళికూతురి బట్టల్లో చితి మీద కూర్చుని, మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, చిరునవ్వు నవ్వుతుంటుంది. అది అతికించి తయారుచేసిన బొమ్మ. పెళ్ళి ఫొటోలోంచి ఆ మొహం కత్తిరించి మంటల మధ్య అతికించారు. నేను ఆ బొమ్మ చాలాసేపు చూశాను. కాలిపోతున్న మనిషి మొహం ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఆ మొహం అక్కడ ఉంటే ఎవరూ కొనరు, ఎవరూ పూజగదిలో పెట్టుకోరు. అందుకని నవ్వే మొహం పెట్టారు. జరిగింది చెప్పకుండా ఆపడం అంటే నోరు నొక్కడం ఒక్కటే అనుకుంటాం. జరిగిన దాని మీద నవ్వే మొహం అతికించడం కూడా ఆపడమే.

అప్పట్లో నోరు నొక్కడం కూడా జరిగింది. ధర్మ రక్షా సమితి అని ఒకటి లేచింది. ఇది మా మతం, మా ఆచారం, బయటివాళ్ళు మాట్లాడితే మా మనోభావాలు దెబ్బతింటాయి అన్నారు. పెద్ద హిందీ పత్రిక జన్‌సత్తా సతిని వెనకేసుకొచ్చే సంపాదకీయం రాసింది. దాన్ని నిరసిస్తూ స్త్రీలు పత్రికాఫీసుకు వెళ్ళారు. జైపూర్‌లో స్త్రీలు మౌనంగా ఊరేగింపు తీస్తే, దానికి పోటీగా ఎన్నో రెట్లు పెద్ద ఊరేగింపు జరిగింది. అన్ని పార్టీల రాజకీయ నాయకులూ చాలాకాలం ఆచితూచి మాట్లాడారు. ఓట్ల లెక్క వాళ్ళది.

ఈ మనోభావాలు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఇవాళ టీవీ పెడితే రోజుకు పదిసార్లు వినపడే మాట ఇది. "మా మనోభావాలు దెబ్బతిన్నాయి." దెబ్బ తినడం అన్న మాట ఎక్కడిది? ఒంటిది. ఒళ్ళు దెబ్బ తింటుంది, చర్మం కమిలిపోతుంది, ఎముక విరుగుతుంది. ఆ మాటను ఒంటి నుంచి తీసుకుని మనసుకు తగిలించుకున్నాం, మంచిదే, మనసుకూ దెబ్బ తగులుతుంది. కానీ నిజంగా ఒళ్ళు దెబ్బతిన్న మనిషి లేచి నిలబడి "నన్ను ఇలా చేశారు" అని చెప్పబోతే, ఆమె చెప్పడం వల్ల మా మనోభావాలకు దెబ్బ తగులుతుంది కాబట్టి చెప్పొద్దు అనడం ఏం న్యాయం? ఎవరి దెబ్బ పెద్దది?

చట్టం కూడా అంత దూరం పోలేదండీ. మతాన్ని అవమానించడం మీద మనకున్న సెక్షను 1927లో బ్రిటిష్‌వాళ్ళ కాలంలో ఐపీసీలో చేర్చిన 295ఎ. కొత్త న్యాయసంహితలో అది 299 అయింది. అందులో మాట స్పష్టంగా ఉంది. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో అవమానిస్తేనే నేరం. తన మీద జరిగిన హింసను ఒక స్త్రీ చెప్పుకోవడంలో దురుద్దేశం ఎక్కడుంది? అయినా ఈ సెక్షను పేరు చెప్పి ఎంతమంది నోళ్ళు మూయించారో చూస్తూనే ఉన్నాం. కేసు నిలబడక్కర్లేదు, బెదిరింపు చాలు.

ఇది ఒక్క మతానికి చెందిన జబ్బు అని ఎవరైనా సంతోషపడుతుంటే దయచేసి పడకండి. 2004 డిసెంబరులో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరంలో ఒక సిక్కు రచయిత్రి రాసిన నాటకం ఆడుతున్నారు. గురుద్వారాలో ఒక స్త్రీ మీద జరిగిన అత్యాచారం ఆ నాటకంలో ఉంది. థియేటరు మీద రాళ్ళు పడ్డాయి. నాటకం ఆపేశారు. రచయిత్రి ప్రాణభయంతో దాక్కోవాల్సి వచ్చింది. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లో, 2007 ఆగస్టు 9న, బషీర్‌బాగ్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ తన నవల తెలుగు అనువాదం ఆవిష్కరణకు వచ్చారు. కడుపుతో ఉన్న భార్యను అనుమానించి భర్త ఆ కడుపు తీయించిన కథ అది. శాసనసభ్యులతో సహా ఒక గుంపు వచ్చి పూలగుత్తులూ కుర్చీలూ చేతికి దొరికినవన్నీ ఆమె మీదికి విసిరారు. పక్కనున్న తెలుగు విలేకరులు, రచయితలు అడ్డం నిలబడి ఆమెను కాపాడారు. అలా అడ్డం నిలబడ్డవాళ్ళు మనవాళ్ళు. దాడి చేసినవాళ్ళ పేర్లు అందరికీ గుర్తున్నాయి. అడ్డం నిలబడ్డవాళ్ళ పేర్లు కూడా గుర్తుంచుకుంటే బావుండేది.

తెలంగాణలో జోగినుల సంగతి కూడా ఇందులోదే. పిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చి పెళ్ళి చేశామంటారు. ఆ పిల్ల ఈడేరాక ఆమె దగ్గరికి వచ్చేది మాత్రం ఊరి పెద్దమనిషి. దాన్ని హింస అనకూడదు, అమ్మవారి ఆనవాయితీ అనాలి. రాయలసీమలో బసివి అన్నారు, చిత్తూరు వైపు మాతమ్మ అన్నారు. మాట మారింది గానీ ఆ పిల్ల కులం మారలేదు. ఎక్కడైనా ఎక్కువగా ఆమె దళితుల ఇంటి పిల్లే. మద్రాసు రాష్ట్రంలో 1947లోనే చట్టం వచ్చింది గానీ అది నిజాం ఇలాకాకు వర్తించలేదు. రెండు వైపులకూ కలిపి 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. నిజామాబాద్ జిల్లాలో గుర్రం జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం గారు ఏళ్ళ తరబడి జోగినుల మధ్య పనిచేశారు. వర్నిలో వాళ్ళ కోసం చెల్లి నిలయం పెట్టారు. చెల్లి అన్న ఆ పేరు వినండి. అమ్మవారు అనకుండా చెల్లి అంటే ఆ పిల్లకు ఏమైందో అడిగే హక్కు మనకు వస్తుంది. ఈ విషయం మీద వేరే సభే పెట్టాలి, ఇక్కడ ఇంతకంటే చెప్పను.

దేవరాలాకు వస్తాను. ఆ సంఘటన తరవాత పార్లమెంటు సతీ నివారణ చట్టం చేసింది. ప్రేరేపించినవాళ్ళకు మరణశిక్ష లేదా యావజ్జీవం. సతిని కీర్తించినా, గుడి కట్టినా, ఊరేగింపు తీసినా నేరం, ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా జైలు. అదే చట్టంలో సతి కాబోయి బతికిన స్త్రీకి కూడా శిక్ష పెట్టారు. చితి మీదికి నెట్టబడిన మనిషిని ముద్దాయిగా నిలబెట్టే చట్టం అది. ఆ రోజుల్లోనే స్త్రీ సంఘాలు దాన్ని తప్పుబట్టాయి.

ఇక కేసుల సంగతి. 1996లో 32 మందిని కోర్టు నిర్దోషులంది. 2004లో కీర్తించిన కేసులో 11 మందిని వదిలేసింది. ఏడాది నిండిందని 1988లో తీసిన ఊరేగింపు కేసులో మిగిలిన చివరి 8 మందిని 2024 అక్టోబరులో వదిలేసింది. 37 ఏళ్ళు పట్టింది. కోర్టు నిర్దోషులన్నవాళ్ళను నేను దోషులనను, అది నా పని కాదు. కానీ వందల మంది మధ్య ఒక 18 ఏళ్ళ పిల్ల కాలిపోతే, ఏం జరిగిందో నిలబడి చెప్పే గొంతు 37 ఏళ్ళలో మన న్యాయస్థానాలకు దొరకలేదు. ఇది మాత్రం చెప్పకుండా ఉండలేను.

దేవత గురించి అలా మాట్లాడితే భక్తి పోతుంది కదా అని నన్ను చాలామంది అడుగుతారు. మంచివాళ్ళే అడుగుతారు, నిజమైన భయంతోనే అడుగుతారు. వాళ్ళకు నేను పెనుగంచిప్రోలు చూపిస్తాను. తిరుపతమ్మ తల్లి కథ మీలో సగం మందికి నోటికొచ్చు. కాకాని గోపయ్యను పెళ్ళాడి అత్తింటికి వచ్చిన తిరుపతమ్మను అత్త ఎన్ని ఆరళ్ళు పెట్టిందో, ఎన్ని నిందలు వేసిందో ఆ కథలో దాచలేదు. పాటగా కట్టి పాడుకున్నారు. గోపయ్య పులి వాత పడ్డాడు, ఆమె అగ్నిలో ప్రవేశించింది, ఆ ముందు ఆ ఇంట్లో ఆమె పడ్డ బాధంతా కథలోనే ఉంది. తిరునాళ్ళకు ఎంత జనం వస్తారో మీకు తెలుసు. కోడలి కష్టం విని కన్నీళ్ళు పెట్టుకునే ఆడవాళ్ళు ఆ జనంలో ఎంతమందో! అత్త హింస చెప్పినందుకు ఎవరి భక్తీ తగ్గలేదు. ఆ కష్టం తమదే అనిపించబట్టే వాళ్ళు ఆమెను తల్లీ అని పిలుస్తారు. మన పల్లె ఆడవాళ్ళకు చెప్పుకోవడం తెలుసండీ. వాళ్ళ పాటల్లో, దంపుళ్ళ దగ్గర, ఊడ్పుల దగ్గర చెప్పుకున్నారు. చెప్పకూడదన్న మాట పెద్దింటి గడపల లోపలే ఎక్కువగా పుట్టింది.

మా గడప సంగతి చెప్పి ముగిస్తాను.

మా తాతయ్యకు ఒక చెల్లెలు ఉండేది. వరసకు మేం అమ్మమ్మ అనే పిలిచేవాళ్ళం. బాగా పెద్దదై, మంచం పట్టిన రోజుల్లో ఒక సంక్రాంతికి నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. అవతల వసారాలో పెట్టె దించుతున్నారు. ఎందుకో తెలియదు, మళ్ళీ అడిగాను. "అమ్మమ్మా, పేరంటాలమ్మ నూతిలో ఎందుకు పడింది?"

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "రాత్రిపూట నీళ్ళకి ఎవరెళ్తారే?" అంది.

అప్పటికి ఆవిడకు తొమ్మిదేళ్ళు. చనిపోయిన ఆవిడ ఈవిడకు వదిన, పెదనాన్న కొడుకు పెళ్ళాం. నీళ్ళు తోడుతూ కాలు జారిందని ఊరందరికీ చెప్పారు. తెల్లవారుజామున తల్లి ఈ పిల్లను లేపి వంటిల్లు ఊడవమంది. వంటింట్లో, పొయ్యి పక్కన, గాజు ముక్కలున్నాయట. ఎర్ర గాజులు. రెండు చేతుల గాజులూ. "చేటలో ఎత్తి పెంటపోగులో పోశాను. ఒక ముక్క కాల్లో గుచ్చుకుంది. అమ్మ రక్తం తుడిచి, ఎవరితోనూ అనకు అంది. పదో రోజుకి వదినకి చీర పెట్టారు. పేరంటాలైంది, ఇంక అనకూడదు అన్నారు. అనలేదు." ఇంతే చెప్పింది. దుప్పటిలోంచి కుడి కాలు బయటపెట్టి చూపించింది. మడమ దగ్గర, డెబ్భై ఏళ్ళు దాటిన చర్మం మీద, ఏదో గీతలా ఉంది. అది ఆ మచ్చో, వయసుతో వచ్చిన ముడతో నాకు తెలియలేదు. మచ్చే అని ఆవిడ అంది.

"వదిన పేరేంటి?" అని అడిగాను. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. పేరంటాలమ్మ అన్నదే పేరు. ఆవిడ చెప్పింది. వాళ్ళ పిల్లల పిల్లలు ఉన్నారు కాబట్టి ఆ పేరు ఇక్కడ చెప్పను. నేను లేచి వసారాలోకి వెళ్ళి మా అమ్మకు చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. నా తమ్ముడి కూతురి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఆ పేరు రాసి, కొత్త చీర మొదటి మడతలో పెట్టి, పెట్టె మూసింది.